జేబులో ఉండిపోయిన టెలిగ్రామ్

ఆదివారం, 1984

నిన్న తెల్లవారుజామున నా భార్య సుశీల పోయింది. మా అబ్బాయి రవి జీతానికి ఆడుతున్న సికింద్రాబాద్ ఫుట్‌బాల్ జట్టుకు వెంటనే టెలిగ్రామ్ ఇచ్చాను. పొద్దు వాలేదాకా కొడుకు కోసం చూసి, కొరివి నేనే పెట్టాను.

ఈరోజు రవి వెంట జట్టు మేనేజరూ వచ్చాడు. "ఫైనల్ గదా సార్! ఐదుగురి ఫుట్‌బాల్‌ల ఒక్కడు తక్కువైతే ఎట్ల? ఆట అయినంక చెప్దామని టెలిగ్రామ్ జేబుల పెట్టుకున్న" అన్నాడు. తల్లి కాలుతుంటే నా కొడుకు గోల్స్ కొట్టాడు.

నేనిచ్చిన చాయ్ తాగి మేనేజరు వెళ్లాడు. కోపం నాకు ఇప్పుడు తన్నుకొస్తోంది.

రవి బూట్లు పొయ్యిలో పెట్టబోయాడు. "ఇగ ఆడ నాయినా." లాక్కున్నాను.

మైలలో గడప దాటొద్దంటారు. అయినా రేపు పొద్దున కాజీపేటలో సికింద్రాబాద్‌కు మొదటి బండి ఎక్కుతాను. నా కొడుకు ఆడతాడనీ, నీ జట్టుకు మాత్రం కాదనీ ఆ మేనేజరు మొహం మీదే చెప్తాను.