గోధుమ మానాల్సిన పని లేదట

నాన్నా,

రేపటికి నువ్వు పోయి ఏడాది. ఈ రోజు ఎల్బీ నగర్‌లో డాక్టరమ్మకు థైరాయిడ్ రిపోర్టులు చూపించాను. అన్నీ బాగున్నాయంది. ఏం తింటున్నావని అడిగితే, మూడేళ్లుగా గోధుమ ముట్టలేదనీ, మాత్రతో పాటు అశ్వగంధ పొడి కూడా వేసుకుంటున్నాననీ చెప్పాను.

"ఎవరు చెప్పారమ్మా ఇవన్నీ?"

"మా నాన్న."

ఆమె నవ్వింది. "మాత్ర మానకు. ఆ పొడి ఆపెయ్. నీకు గోధుమ మానాల్సిన పని లేదు. మీ నాన్నగారికి చెప్పు, రేపట్నుంచి చపాతీలు చేసి పెట్టమని."

"చెప్తాను" అన్నాను. నువ్వు లేవని చెప్పలేదు.

నా ఒళ్లే నా థైరాయిడ్‌ను దెబ్బతీస్తోందని తెలిసిన వారమే, గోధుమ మానాలని బస్సులో ఎవరో చెప్పిన మాట పట్టుకుని నువ్వు జొన్నపిండి తెచ్చావు. రొట్టెలు చేయబోయి పెనం మీద చేతులు కాల్చుకున్నావు. "మీ నాయనమ్మ ఎట్ల చేసిందో ఏందో బిడ్డా!" అన్నావు. డ్యూటీ దిగాక దిల్‌సుఖ్‌నగర్ బండి దగ్గర పరోటా తినడం నీకున్న ఒక్క షోకు. అదీ మానేశావు. "నువ్వు తిననిది నాకెందుకే?" అనేవాడివి. పోయేదాకా ముట్టలేదు.

సాయంత్రం మెట్రో దిగి ఆ బండి దగ్గరికి వెళ్లాను.

"ఎన్ని గావాలె అక్కా?"

"ఒకటి."

నిలబడే తిన్నాను. చాలా బాగుంది నాన్నా. ఆ రెండేళ్లూ నువ్వు తిని ఉండాల్సింది.