కిటికీ కూలరు, నా మార్కెటింగ్ చదువు

చంద్రపూర్, బాబుపేట్,
ఆదివారం మధ్యాహ్నం.

అక్కా,

నీ చెల్లె సుజాత దండం పెట్టి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను, నీ మరిది రమేశ్, పాప హారిక ముగ్గురం బాగానే ఉన్నాం. నువ్వు, బావ, అక్షయ కూడా బాగున్నారనే అనుకుంటున్నాను. అమ్మ మోకాలి నొప్పి ఎట్లా ఉంది? నొప్పి తగ్గగానే డాక్టరు ఇచ్చిన గోలీలు మానేస్తుంది, కాస్త కనిపెట్టుకుని ఉండు. బావ తీపి తగ్గించాడా లేదా అన్నది నిజం రాయి. ఆయన్ని అడిగితే తగ్గించాననే అంటాడు.

మొన్న ఫోన్‌లో నువ్వన్న మాటకు నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. "ఫోన్‌ల చూసుకుంట చదివేది గూడ చదువేనానే? గా సర్టిఫికెట్ జూసి నీకు పనెవరిస్తరు?" అన్నావు. అప్పుడు పొయ్యి మీద కూర మాడుతోంది, హారిక పక్కన నిలబడి లెక్కలు అడుగుతోంది. సరే అక్కా, తర్వాత మాట్లాడతానని పెట్టేశాను. కోపం వచ్చి పెట్టేశానని అనుకోకు. ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెబితే నీకు సగమే అందుతుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను. చాలా రోజులకు తెలుగు రాస్తున్నాను కాబట్టి అక్షరాలు అటూ ఇటూ పోతే సర్దుకో.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. ఈసారి ఎండల గురించి నీకు చెప్పినా నమ్మవు. మంచిర్యాల ఎండలు చూసినదాన్నే, అయినా ఇక్కడ ఏప్రిల్ నుంచి పగలు తలుపు గొళ్ళెం ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. రమేశ్‌కు కరెంటు ప్లాంటులో షిఫ్టులు మారుతూనే ఉన్నాయి. కంట్రాక్టరు మాత్రం పాత మనిషే, మర్యాదగానే చూసుకుంటున్నాడు. తిండికి కూడా అలవాటు పడ్డాం. పొద్దున అటుకుల పోహా మీద ఎర్రటి శెనగల పులుసు పోసుకుని తింటారు ఇక్కడ. మొదట్లో నాకు కడుపు మండేది, ఇప్పుడు ఆదివారం అది లేకపోతే హారిక ఊరుకోదు. దానికి మరాఠీ నాకంటే బాగా వస్తోంది. మొదటి ఏడాది మాట్లాడే మనిషి లేక గోడలు చూస్తూ కూర్చున్నానని నీకు తెలుసు. ఇప్పుడు అట్లా లేదు. దిగులు పెట్టుకోకు.

నేను పనిచేసే కూలర్ల దుకాణం గురించి ఇంతకుముందు చెప్పాను. ముందు గదిలో కంపెనీ ప్లాస్టిక్ కూలర్లు ఉంటాయి. వెనక షెడ్డులో మేమే రేకులతో కిటికీ కూలర్లు తయారుచేయిస్తాం. బొగ్గు గనుల్లో పనిచేసే తెలుగువాళ్ళు చాలామంది మా దగ్గరికి వస్తారు. వాళ్ళతో మాట్లాడటానికే సేఠ్ నన్ను బిల్లుల దగ్గర పెట్టుకున్నాడు. షెడ్డులో పని అంతా రాజన్నది. వాళ్ళ నాయన గని పనికి పెద్దపల్లి దిక్కు నుంచి వచ్చాడట. రాజన్న ఇక్కడే పుట్టాడు. గనిలోకి దిగకుండా రేకుల పని నేర్చుకున్నాడు. నన్ను బిడ్డా అని పిలుస్తాడు. తెలుగు చదవడం రాదు గానీ మాట మాత్రం అచ్చం మన పెదనాన్న మాటే.

పోయిన ఏడాది ఈ మార్కెటింగ్ మేనేజ్‌మెంట్ కోర్సులో చేరినప్పుడు నాకూ కొంచెం భయంగానే ఉండింది. బీకాం చేసి ఎన్నేళ్ళయిందో, ఇంగ్లీషు వింటే అర్థమవుతుంది గానీ మాట్లాడాలంటే నాలుక తడబడుతుంది. శనివారం సాయంత్రం, ఆదివారం పొద్దున మేడమ్ అందరినీ ఒకేసారి తెర మీద కూర్చోబెట్టి పాఠం చెబుతుంది. మిగతావి రికార్డు చేసినవి. నేను మధ్యాహ్నం దుకాణంలో టిఫిన్ డబ్బా ముందు పెట్టుకుని వింటాను. అర్థం కాకపోతే వెనక్కి జరిపి మళ్ళీ వింటాను. క్లాసులో ఇండోర్, పుణే, మన హైదరాబాద్ వాళ్ళు కూడా ఉన్నారు. అందరూ ఉద్యోగాలు చేసుకుంటూ చదువుతున్నవాళ్ళే. నేనొక్కదాన్నే వెనకబడ్డానన్న దిగులు మొదటి నెలలోనే పోయింది.

అసలు సంగతి ఎండలు ముదరకముందే మొదలైంది. ఒకరోజు సేఠ్ షెడ్డులోకి వచ్చి, ఈ ఒక్క సీజన్ చూసి షెడ్డు మూసేస్తానని చెప్పాడు. జనం కంపెనీ కూలర్లే అడుగుతున్నారు, రేకు కూలర్లు పోయిన ఏడాదివే మిగిలి ఉన్నాయి, ఇకనుంచి కంపెనీ సరుకు ఒక్కటే పెడతానన్నాడు. ఆయన మాటలో తప్పేమీ లేదు. కానీ రాజన్న చేతిలో రేకు కత్తెర అట్లాగే ఆగిపోయింది. సేఠ్ వెళ్ళిపోయాక నేను పలకరిస్తే, "ఏం జేస్తం బిడ్డా, గీ వయసుల కొత్త పని ఎవలిస్తరు నాకు" అని మళ్ళీ రేకు కత్తిరించడం మొదలుపెట్టాడు.

అదే వారం మేడమ్ మాకు ఒక పని ఇచ్చింది. మీకు దగ్గరలో ఉన్న ఒక వ్యాపారం తీసుకోండి, దాని అమ్మకం ఎందుకు తగ్గిందో కనుక్కోండి, పెంచి చూపించండి అంది. నేను మరో ఆలోచన పెట్టుకోలేదు. మా రేకు కూలర్లే తీసుకుంటానని చెప్పాను. సేఠ్‌ను అడిగితే నవ్వాడు. "నీ చదువుకు పనికొస్తే చేసుకో, నా పని మాత్రం ఆగొద్దు" అని హిందీలో అన్నాడు.

మొదట నేను చేసింది కరపత్రాలు. బలమైన రేకు, చల్లని గాలి, తక్కువ ధర అని మరాఠీలో అచ్చు వేయించి ఇంటింటికీ పంచిపెట్టించాను. ఎంతో బాగా రాశాననుకున్నాను. ఒక్కరు రాలేదక్కా. రెండు వీధుల అవతల బజ్జీల బండి దగ్గర వాటిలోనే బజ్జీలు కట్టి ఇస్తుంటే చూశాను. క్లాసులో ఆ సంగతి చెబితే మేడమ్ ఒకటే అడిగింది.

"ఈ మాటలు ఎవరిని అడిగి రాశారు?"

"ఎవర్నీ అడగలేదు మేడమ్. నాకు తెలిసినవే రాశాను."

"అయితే వెళ్ళి అడగండి. కొన్నవాళ్ళను కాదు, కొనకుండా వెళ్ళిపోయినవాళ్ళను."

ఆ మాట పట్టుకుని ఆదివారాలు క్లాసు అయిపోగానే బాబుపేట్ గల్లీలు తిరిగాను. మొదట ఏం అడగాలో తెలియలేదు. రెండో ఇల్లు దాటాక అదే వచ్చింది. మన మాట కాకపోయినా ఆడవాళ్ళు కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇస్తారు ఇక్కడ. మగవాళ్ళను అడిగితే అందరూ కంపెనీ కూలరు అందంగా ఉంటుందనే చెప్పారు. ఆడవాళ్ళ జవాబు వేరుగా ఉంది. మా వెనక గల్లీలో వైశాలి తాయి అని ఒకామె ఉంటుంది. తాయి అంటే అక్క. ఆమెవి మేడ మీద గదులు. నేను అడగగానే చెయ్యి పట్టుకుని బయటకు తీసుకుపోయింది. కిటికీకి బయట వేలాడుతున్న కూలరు చూపించింది. నీళ్ళు పోయాలంటే బకెట్ ఎత్తుకుని ఎండలో డాబా చివరిదాకా నడిచి, గోడ మీదికి వంగి పోయాలి. పోయిన వేసవిలో కాలు జారి పడిందట.

"కూలరు కొనేది ఆయన. నీళ్ళు పోసేది నేను" అంది మరాఠీలో. "ప్లాస్టిక్‌ది గదిలో పెడితే పరుపులు కూడా చెమ్మగిల్లుతాయని తెలుసు. అయినా అదే కావాలని ఎందుకు పోరుతున్నానో ఆయనకు అర్థం కాదు."

ఆ తర్వాత ఏ ఇంటికి వెళ్ళినా నేనే నీళ్ళ సంగతి ముందు అడిగాను. అందరి బాధా అదే. మా కూలరు గాలి మీద ఎవరికీ ఫిర్యాదు లేదక్కా. నీళ్ళు పోయడమే ఫిర్యాదు.

మర్నాడు రాజన్నకు చెప్పాను, గదిలోనుంచే నీళ్ళు పోసేట్టు చేయాలని. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"గట్ల గాదు బిడ్డా. ఫ్యాన్ దిక్కు కెళ్ళి నీళ్ళు వోస్తె కరెంటుతోని పరేషాన్. ఇంట్లకు నీళ్ళు గారుతయి. నాకు మాటొస్తది."

"వైర్లు పైకి తీసుకపోతె?"

"తీస్కపోవచ్చు" అన్నాడు. అని ఒక పాత కూలరు తలుపు ఊడదీసి కూర్చున్నాడు. సాయంత్రం నేను ఇంటికి బయల్దేరుతుంటే పిలిచాడు. ఫ్యాను కింద సొరుగులాంటి చిన్న తొట్టి పెట్టాడు. గదిలోకి లాగితే వంగుతుంది, అందులో పోసిన నీళ్ళు వాలుగా ట్యాంకులోకి పోతాయి. స్విచ్చి, వైర్లు అన్నీ పైభాగానికి మార్చాడు.

మొదటిది మా ఇంటి కిటికీకే పెట్టించాను. బకెట్ పోయగానే సగం నీళ్ళు వెనక్కి తన్ని మంచం మీద పడ్డాయి. రమేశ్ డ్యూటీ నుంచి వచ్చి తడిసిన దుప్పటి చూశాడు. "మార్కెటింగ్ అంటె గిదేనా" అని అడిగాడు. తిడతాడనుకున్నాను గానీ తనే స్టూలు ఎక్కి ఎక్కడ తన్నుతున్నదో టార్చి వేసి చూశాడు. మర్నాడు రాజన్నను తీసుకొచ్చి చూపించింది కూడా ఆయనే. రాజన్న తొట్టి అంచు లోపలికి మడిచి, వాలు ఇంకొంచెం పెంచాడు. ఈసారి చుక్క కూడా కారలేదు. హారిక ఆడుతూ ఆడుతూ చెంబులతో ట్యాంకు నింపేసింది.

కరపత్రాల జోలికి మళ్ళీ పోలేదు. దుకాణం ముందు ఒక కూలరును చెక్క కిటికీకి బిగించి నిలబెట్టించాను, పక్కన బకెట్, మగ్గు. వచ్చిన ఆడవాళ్ళను మీరే నీళ్ళు పోసి చూడండి అన్నాను. సేఠ్‌కు ఇది నచ్చలేదు. దుకాణం ముందు బురద చేస్తున్నావన్నాడు. రెండు రోజులు చూడండి, మీకు నచ్చకపోతే నేనే తీసేస్తానని చెప్పాను. ఎవరికీ ఎదురుచెప్పని నేను, ఆ మాట గట్టిగానే అన్నాను.

మొదటి రోజు చూసి వెళ్ళినవాళ్ళే. రెండో రోజు వైశాలి తాయి భర్తను తీసుకొచ్చింది. ఆయన కంపెనీ కూలర్ల వైపు నడుస్తుంటే, ఆమె ఆపి బకెట్ చేతికిచ్చింది. "ముందు దీంట్లో పోయండి" అంది. ఆయన పోశాడు. అదే కొన్నాడు. ఆ తర్వాత ఒకరిని చూసి ఒకరు. మహాకాళి జాతర జనం ఊరు నిండే సమయానికి రాజన్నకు చెయ్యి ఖాళీ లేదు. పోయిన ఏడాది మిగిలిన పాతవాటికి కూడా తొట్లు బిగించి అమ్మేశాం. షెడ్డు మూస్తానన్న మాట సేఠ్ మళ్ళీ ఎత్తలేదు. వచ్చే ఏడాదికి రేకు ముందుగానే తెప్పించాలని ఆయనే అన్నాడు.

ఇదంతా క్లాసులో చెప్పాల్సిన రోజు ఇంకో సారు కూడా వచ్చాడు, మాకు తెలియనాయన. నేను ఇంగ్లీషులో మొదలుపెట్టి, మధ్యలో హిందీలోకి దిగి, మళ్ళీ ఇంగ్లీషు పట్టుకున్నాను. ఎక్కడా ఆగలేదు. చివరకు ఆయన అడిగాడు, "రేపు వేరే దుకాణాలవాళ్ళు ఇదే తొట్టి పెడితే ఏం చేస్తారు?"

"ఇప్పటికే పెట్టారు సార్" అన్నాను. "మేం మళ్ళీ ఇళ్ళకు వెళ్ళి ఇంకేం ఇబ్బంది ఉందో అడుగుతాం. గల్లీలు నాకు తెలుసు."

ఆయన నవ్వాడు. మేడమ్ కూడా నవ్వింది. మంచి మార్కులే వచ్చాయి. మొదటి ఏడాది గట్టెక్కాను, ఇంకొక ఏడాది ఉంది.

ఇక నువ్వు చూసిపెట్టిన మంచిర్యాల స్కూలు ఆఫీసు ఉద్యోగం. నా కోసం నువ్వు ఎంతమందిని అడిగి ఉంటావో నాకు తెలుసు. కానీ నేను రానక్కా. బిల్లుల పని వేరేవాళ్ళకు ఇచ్చి, అమ్మకాల పని మొత్తం నన్ను చూసుకోమన్నాడు సేఠ్. జీతం కూడా పెంచాడు. దానికోసమే అయితే ఆలోచించేదాన్నేమో. ఈ ఊళ్ళో నేను నడిచిపోతుంటే ఇప్పుడు పేరు పెట్టి పిలిచేవాళ్ళున్నారు. రమేశ్ పని కూడా ఇక్కడే. నీకు దగ్గర్లో ఉండాలని నాకు లేదనుకోకు. పొద్దున రైలెక్కితే మధ్యాహ్నం అన్నానికి నీ ఇంట్లో ఉంటాను. ఆ స్కూలువాళ్ళకు ఇవ్వాళే చెప్పేసెయ్, వాళ్ళను ఆపి ఉంచొద్దు.

వీలైతే ఎవరైనా ఇటు వస్తుంటే ఎల్లిపాయ కారం, ఒకటో తరగతి తెలుగు వాచకం పంపు. హారికకు మాట వస్తుంది, అక్షరం రాదు. రాజన్న లాగా కాకూడదు. ఆయనే అన్నాడు ఆ మాట.

రాజన్న అంటే గుర్తొచ్చింది. నిన్న వాన పడుతుంటే సీజన్ అయిపోయిందని షెడ్డు సర్దుతున్నాం. వచ్చే ఏడాది మీ మేడమ్ ఏం చెబుతుందని అడిగాడు. వస్తువుకు ధర ఎట్లా పెట్టాలో చెబుతుందట అన్నాను. ఆయన కత్తెర తుడిచి పెట్టెలో పెట్టి అన్నాడు, "వస్తువుకేనా? చేసినోని చెయ్యికి గూడ జెప్తదా?"

గొడుగు తీసుకుని ముందు గదిలోకి పోయి, సేఠ్ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను. రాజన్న కూలి పెంచే సంగతి తేలేదాకా లేవలేదు. తేలింది.

అమ్మ కాళ్ళకు, బావకు నా దండాలు చెప్పు. అక్షయను బాగా చదువుకొమ్మను. నా మీద నీ చెయ్యి ఎప్పటిలాగే ఉండనీ.

నీ చెల్లె,
సుజాత