కుర్చీకి తొడిగిన తెల్లకోటు

ఖమీస్ ముషైత్, సౌదీ అరేబియా

అమ్మా మెహజబీన్‌,

నాయన దీవెనలు. ఇక్కడ నా ఒంట్లో బాగానే ఉంది. అక్కడ నువ్వూ, మీ అమ్మ హుస్సేన్‌బీ క్షేమమని నీ ఉత్తరం చూసి కుదుటపడ్డాను. ఫోన్లో అయితే మీ అమ్మ పక్కనుంటుంది, అందుకే రాస్తున్నాను. చదివాక ఆమెకు నువ్వే నెమ్మదిగా చెప్పు.

ఫిజీషియన్ అసిస్టెంట్ కోర్సు పూర్తికాగానే నాలాగే ఇక్కడికొస్తానన్నావు. అసిస్టెంటు చేసే పనికి డాక్టరు ఎంతవరకు బాధ్యుడని అడిగావు. పరీక్షలో రాయాల్సిన జవాబు సులువే. పర్యవేక్షించే డాక్టరు అందుబాటులో ఉండాలి. అసిస్టెంటు రాసిన కేసు కాగితం చదివి సంతకం పెట్టాలి. మా క్లినిక్‌లో ఈ నిబంధనలు గోడమీద ఫ్రేములో మెరుస్తుంటాయి. వాటి కింద కుర్చీకి తెల్లకోటు తొడిగి ఉంటుంది. తనిఖీకి ఎవరొచ్చినా "డాక్టరుగారు నమాజుకెళ్లారు" అనాలి. నాలుగేళ్లుగా ఆయన నమాజులోనే ఉన్నాడు. ఇంతటి భక్తుణ్ణి నేనెక్కడా చూడలేదు!

అసలు మనిషి సౌదీవాడు, రియాద్‌లోని మలాజ్ పేటలో సొంత క్లినిక్ నడుపుకుంటున్నాడు. స్థానికులకు ఎన్ని ఉద్యోగాలిచ్చారో చూసి కంపెనీలకు రంగులేసే నితాఖాత్ చట్టంలో మా కంపెనీ రంగు పచ్చగా ఉండాలంటే జాబితాలో స్థానికులుండాలి. మాలాంటి అసిస్టెంట్లు పనిచేయాలంటే పైన డాక్టరుండాలి. మా యజమానుల తెలివి చూడు, ఒక్క పేరుతో రెండు చట్టాల నోళ్లూ మూయించారు. చట్టానికి కావాల్సింది సంతకం, మనిషి కాదు. ఆయన రబ్బరు స్టాంపు నా సొరుగులో ఉంటుంది. దీనికి ఈ పెద్దమనుషులు పెట్టుకున్న పేరు పర్యవేక్షణ. థూ!

ఇంతసేపూ వాళ్లను తిట్టాను. అసలు సంగతి దాస్తున్నాను. నాలుగేళ్లూ ఆ స్టాంపు కొట్టిన చెయ్యి నాదే. ప్రతి శుక్రవారం రూములో కార్మిక హక్కుల మీద గొంతు చించుకునే మీ నాయనదే.

కిందటి నెల అంజన్న అనే జగిత్యాల తాపీమేస్త్రీ అరచేయి కోసుకుని వచ్చాడు. కడిగి, కుట్లేసి, "డాక్టరు పరీక్షించారు, పనికి తగును" అన్న కాగితం మీద స్టాంపు కొట్టాను. లోపల వేళ్లను ముడిచే స్నాయువు తెగి ఉంది. నేను పట్టుకోలేదు. ఇప్పుడతని రెండు వేళ్లు ముడుచుకోవు, తాపీ పట్టుకోలేడు. పనిచేయనివాడి మీద నెలనెలా సర్కారుకు లెవీ కట్టడం ఎందుకని కంపెనీ అతనికి ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపబోతోంది. చెయ్యి బాగుందని నా కాగితమే చెబుతోంది కదా, కాబట్టి ఆపరేషన్ తమ బాధ్యత కాదట.

లేబర్ ఆఫీసు విచారణ మొదలుపెట్టింది. మా మేనేజరు అబ్దుల్ ఘనీ, హైదరాబాదీ, నన్ను పిలిచాడు.

"డాక్టర్ ఆ రోజు ఇక్కడే ఉండెనని ఒక్క ముక్క రాయి మస్తాన్ భాయ్. నీ ఇన్కిలాబ్ ఏమున్నా జుమ్మా రోజు చేస్కో."

"రాయకపోతే?"

"వాని కంటె ముందు నువ్వు పోతవ్. లైసెన్స్ భీ పోతది."

రాశాను. ఆ రోజు డాక్టరు ఇక్కడ లేడు, కుట్లు వేసింది నేను, స్టాంపు కొట్టింది నేను అని రాసి, నిన్న లేబర్ ఆఫీసులో ఇచ్చాను. ఆపరేషన్ జరిగేదాకా అంజన్నను పంపరని అక్కడి గుమాస్తా అన్నాడు. నా ఉద్యోగం మాత్రం పోయినట్టే. నీ ఆఖరి సంవత్సరం చదువు ఎలా గట్టెక్కుతుందో తెలియదు. ఆ నిర్ణయం నిన్ను అడక్కుండా తీసుకున్నాను.

కాగితం ఇచ్చే ముందు కూలీలుండే క్యాంపుకు వెళ్లి అంజన్నకు అంతా చెప్పాను. కాలర్ పట్టుకుంటాడనుకున్నాను. అతను నవ్వాడు.

"మీరు డాక్టర్ గాదని నాకప్పుడే ఎర్క సారూ."

"ఎట్లా?"

"డాక్టరైతే నా పేరడుగుతడా?"

రూములో వాళ్లంతా నవ్వారు. నేను నవ్వలేకపోయాను తల్లీ. పేరైతే అడిగాను. వేళ్లు ముడిచి చూపించమని అడగలేదు.

ఇట్లు,
నీ జవాబుకు భయపడుతున్న
నీ నాయన
మస్తాన్ వలీ