ఎవరి గోధుమలు గెలిచాయంటే

ఛత్రినాక,
ఏప్రిల్ 1998

తమ్ముడు ఓదెలుకు,

నువ్వూ మీ మామా పంపిన రెండు గోధుమ సంచులూ మా పిండి గిర్నికి చేరాయి. ఎవరి రకం మేలో తేల్చమన్నారు కదా, విను.

నీ కొత్త రకమే ఎకరానికి ఎక్కువ పండింది, ఒప్పుకుంటాను. కానీ ఫలక్‌నుమాలో హలీం వండే ఉస్తాద్ రెండింట్లోంచీ గింజలు నమిలి చూశాడు. "మీ తమ్మునివి రొట్టెలకు మంచిగున్నయమ్మా. ముసలాయనవి మస్తు సాగుతున్నయ్, హలీంకు గివే కావాలె. ధర ఎక్కువిస్త" అన్నాడు.

అయినా మీ ఇద్దరికీ తెలివుందా? నీది బోరు కింది ఎర్రచెలక, ఆయనది నల్లరేగడి. గెలిచింది గోధుమలో, భూమో ఎట్లా తెలుస్తుంది? అందుకే నువ్వే గెలిచావని ఆయనకు రాశాను. ఆయనే గెలిచాడని నీకు రాస్తున్నాను. వచ్చే యాసంగికి విత్తనాలు మార్చుకుని వేయండి.

నీ విత్తనాల సంచి పుష్పమ్మతోనే పంపు. మామా అల్లుళ్ల లొల్లి మొదలైనప్పటి నుంచి నీ పెళ్లాం పుట్టింటి గడప తొక్కలేదు. సంచి బరువు కదా, అలసట తీరేదాకా ఒక నెల అక్కడే ఉండనీ.

మీ అక్క