ఏటి మధ్య సద్ది

మావా,

రేపు నీ తద్దినం. మన కొడుకు కోటేశు మోటారు పడవ కొంటానని పట్టుబట్టి కూర్చున్నాడు. పెళ్లాం బిడ్డల్ని ఎక్కించుకుని కృష్ణ దిగువకి పోయి, ఏరు సముద్రంలో కలిసే మొగలో ఉన్న లంకలన్నీ తిప్పుతాడంట.

నిన్న మన రేవులో ఒకటి చూశాం. కొత్త రంగేసి నిగనిగలాడతా ఉంది. అంత రంగు దేనికో అని నాకప్పుడే గుబులు. అమ్మేవాడు మమ్మల్ని ఎక్కించుకుని గాలిలాగా తిప్పాడేగాని ఎక్కడా ఆపలేదు. నువ్వు ఏ పడవ కొనబోయినా ముందు ఏటి మధ్య ఆపి, అందులో కూర్చుని సద్ది తినేవాడివి గదా. నేనూ మూట విప్పి, "ఇంజను ఆపు నాయనా, అన్నం తినాల" అన్నా.

"తినేలోపు లంకకే చేరతాం పెద్దమ్మా."

"లంక ఏడికీ పోదులే. ఆపు."

కోటేశు నవ్వుకుంటా ఆపించాడు. సగం తిన్నానో లేదో, అడుగున నీళ్లూరి నా పాదాలు తడిసినయ్. కోటేశు నవ్వు ఆగిపోయింది. గట్టుకి తిప్పమన్నాడు.

ఇంకో పడవ చూస్తాడంట. చూడనీ, మూట పట్టుకుని నేనూ పోతా. ఆ ఆఖరి రోజు పక్కూరోళ్ల కొత్త పడవ ఎక్కబోతా, కూడు వేళకి వచ్చేస్తాలే అని సద్ది ఇంట్లోనే వదిలి పోయావు నువ్వు.