గంజితో అంటించిన కాగితాలు

సరోజిని టీచరు గారికి,

మీరు పోయి నేటికి ఏడాది. నేనింకా ఉన్నాను, పుస్తకాలు చదువుకుంటూ, అందరి మీదా విసుక్కుంటూ.

మీ దగ్గర చదువుకున్న మేరీ ఇప్పుడు మన బళ్లోనే టీచరు. పిల్లలు రాసినవీ గీసినవీ ఫోటోలు తీసి ఆన్‌లైన్‌లో పెడుతోంది. మూడో తరగతి పిల్ల ఒకతె రొయ్యల చెరువు బొమ్మ గీస్తే, కువైట్‌లో ఇంటిపని చేస్తున్న తల్లి చూసి, కింద "బాగా గీసేవమ్మా" అని రాసిందట. అప్పట్నుంచి ఆ పిల్ల బడి మానడం లేదట. ఇదేదో కొత్త పద్ధతని అధికారులు మేరీకి శాలువా కప్పారు. మీరు ఇదే పని బడి గోడ మీద గంజితో కాగితాలు అంటించి చేస్తే, గోడ పాడుచేశారని మీకు నోటీసు ఇచ్చింది ఇలాంటి అధికారులే.

తనిఖీకి ముందురోజు ఆ కాగితాలు పీకేసింది మాత్రం హెడ్మాస్టరునైన నేనే.

నిన్న మేరీ ఆ శాలువాతో మా ఇంటికి వచ్చింది.

"మా కాగితాలు వానకి పోయేయి గానండీ, లేకపోతే అవీ పెడుదును" అంది.

ఆ తనిఖీ మాఘమాసంలో. అప్పుడు వానేమిటి? ఈ వయసులో అబద్ధం మోసే ఓపిక నాకు లేదు. "వాన కాదమ్మా, నేనే పీకేశాను" అన్నాను.

"తెలుసండీ మాస్టారూ. కిటికీలోంచి చూసేను. మాస్టారి మీద గౌరవం పోతే పాఠం బుర్రకెక్కదు, పిల్లలందరికీ వానకి పోయేయని చెప్పమన్నారండీ టీచరుగారు."

ఇన్నేళ్లూ దారిలో కనబడినప్పుడల్లా ఆ పిల్ల నాకు చెప్పిన వందనాలన్నీ మీరు చెప్పించినవే అన్నమాట.