చేదు దగ్గు

ఖిదిర్‌పూర్,
14-9-1986

చి.ల.సౌ. దాలమ్మకు నీ పెనిమిటి బైరాగి ఆశీర్వదించి రాయునది. నేను ఇక్కడ క్షేమం. మీ అమ్మ, నువ్వు, పిల్లలు అక్కడ క్షేమమని తలుస్తాను.

పెద్దదాని చదువు గురించి అడిగావు. ఇక్కడి బడిలో దాని పేరు కొట్టెయ్యలేదు, మాస్టారిని కలిశాను. రేవులో సరుకులెత్తే నా విన్చి పని ఆరు వారాలుగా నా తోటి పనివాడు గవరయ్య చూస్తున్నాడు. నేను ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది. కంగారుపడకు, ఇంటికి వచ్చేశాను.

నా దగ్గు తగ్గక గవరయ్యే నన్ను పెద్దాసుపత్రికి లాక్కుపోయాడు. అక్కడ డాక్టరమ్మ, “కఫం రుచి ఎలా ఉంటుంది?” అని హిందీలో అడిగింది. చేదు, పసరులా ఉంటుందన్నాను.

“ఏటిరా, ఇన్నాళ్లూ సెప్పలేదేటి?” అన్నాడు గవరయ్య.

“ఎవులడిగినారు?” అన్నాను.

ఆమె కఫాన్ని గాజుపలక మీద వేసి కిటికీ వెలుగులో చూసింది. పచ్చగా ఉంది. పోయినేడు నాకు జిగట విరేచనాలు పట్టాయి కదా, అప్పుడు కార్జంలో చీము చేరిందట. అది పై పొరను తొలిచి ఊపిరితిత్తిలోకి దారి చేసుకుందట. కార్జంలోని పసరు ఆ దారినే దగ్గులో వస్తోందట. దాన్ని ఫిస్టులా అంటారట. చాలా అరుదట. ముందు పక్కటెముకల సందున గొట్టం వేసి పదకొండు రోజులు చీము తీశారు. పసరు ఆగలేదు. ఆపరేషన్ చేసి కన్నం మూసి, మధ్యలో కండ అడ్డుపెట్టి కుట్టారు. ఇప్పుడు దగ్గు లేదు.

నీ ఉత్తరం చివర ఇంకో ఆడది ఉందా అని అడిగావు. లేదు.

ఇక్కడి ఇంటి కప్పు బాగుచేయించాలని చెప్పి మిమ్మల్ని మీ అమ్మ దగ్గరికి పంపేశాను. ఆ కప్పు ఎప్పుడూ కారలేదు. అంతకుముందే వాడలోని డాక్టరు నా దగ్గు చూసి, పొరబడి, క్షయ అన్నాడు. ఎనిమిది నెలలు ఆ మందులే మింగాను. పిల్లలకు అంటుతుందని కంచం వేరు చేశాను, అరుగు మీద పడుకున్నాను. నువ్వు ఏడుస్తుంటే విన్నాను. క్షయ అని చెబితే నువ్వు వెళ్లవు. అందుకని నన్ను అనుమానిస్తున్నావని తెలిసీ ఊరుకున్నాను. తప్పు చేశాను.

నమ్మితే పిల్లలతో రా. నమ్మకపోతే ఒక్కదానివే రా. కుడిపక్క కుట్లు నీ చేత్తో తడిమి చూసుకో.

ఇట్లు,
నీ పెనిమిటి
బైరాగి